సంతాపం చెప్పాక ఏం చేశారు?

2019 మార్చి 15, శుక్రవారం. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల్లో నమాజుకొచ్చినవాళ్ళ మీద ఒకడు తుపాకులతో కాల్పులు జరిపాడు. 51 మంది పోయారు. హైదరాబాదు నుంచి బతుకుతెరువుకు వెళ్ళినవాళ్ళూ అందులో ఉన్నారు.

దేశదేశాల నుంచి సంతాపాలు వచ్చాయి. మన ప్రధాని మోదీ ఉత్తరం రాశారు. అన్నీ ఇంచుమించు ఒకే మాటలు. చావింటికి వెళ్తే మనమూ అంతే కదా, తప్పు పట్టలేం. అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఫోన్ చేసి ఏం సాయం కావాలని అడిగారు. ముస్లింలందరి మీదా సానుభూతి, ప్రేమ చూపండి చాలన్నారు న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డర్న్.

టర్కీ అధ్యక్షుడు ఎర్దొగాన్ మాత్రం హంతకుడు తీసిన వీడియోనే తన ఎన్నికల సభల్లో తెర మీద వేయించారు. పోయినవాళ్ళను ఇంకా మట్టి కూడా చెయ్యలేదు, అప్పుడే ఓట్ల లెక్క! న్యూజిలాండ్ విదేశాంగ మంత్రి ఇస్తాంబుల్ దాకా వెళ్ళాల్సి వచ్చింది.

ఆర్డర్న్ తలకు గుడ్డ కప్పుకుని బాధితుల దగ్గరికి వెళ్ళారు, వాళ్ళను కావలించుకున్నారు. హంతకుడి పేరు తన నోట రాదన్నారు. నెల తిరక్కముందే, ఏప్రిల్ 10న, సైన్యం తరహా సెమీ ఆటోమేటిక్ తుపాకులను నిషేధించే బిల్లుకు పార్లమెంటులో 119 మంది ఓటేశారు, వద్దన్నది ఒక్కరే. జనం చేతుల్లో ఉన్నవి సర్కారే డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది.