ఎరుపు చూసి సేబ్ కొనకండి

రోగిని పలకరించడానికి వెళ్తున్నామంటే చేతిలో సేబ్‌పండ్లు ఉండవలసిందే. బండి మీద ఎర్రగా నిగనిగలాడే వాటినే మీరూ ఏరి తూయించుకుంటారు. కోలగా, అడుగున ఐదు బొడిపెలతో ఉండే ఆ ఎర్ర పండు జాతి పేరు రెడ్ డెలీషియస్.

అమెరికాలోని అయోవాలో జెస్సీ హయాట్ అనే రైతు తోటలో ఈ జాతి పుట్టింది. 1916లో శామ్యూల్ స్టోక్స్ దీన్ని హిమాచల్‌లోని కోట్‌గఢ్ ప్రాంతంలో నాటారు. చలికాలంలో ఏడు డిగ్రీల లోపు చలి సుమారు వెయ్యి గంటలైనా తగలాలి. లేకుంటే పూత సరిగా రాదు. అందుకే మన మైదానాల్లో ఇది కాయదు. తన పుప్పొడితోనే కాయ పట్టదు కనుక తోటలో గోల్డెన్ డెలీషియస్ వంటి వేరే జాతి చెట్లు, తేనెటీగలు ఉండాలి.

మొదట్లో ఈ పండు మీద ఎర్ర చారలే ఉండేవి. ఎర్రనిది బాగా అమ్ముడుపోతుందని, ఇంకా ఎర్రగా కాసే కొమ్మలనే ఏరి అంట్లు కట్టారు. అలా వచ్చిన కొన్ని రకాలు పక్వానికి రాకముందే ఎర్రబడతాయి. కాబట్టి రంగు చూసి రుచి చెప్పలేం.

మరి ఎలా కొనాలి? చేతికి బరువుగా, గట్టిగా ఉన్నది తీసుకోండి. నొక్కితే మెత్తగా దిగేది లోపల పిండిపిండిగా ఉంటుంది. కొత్త పంట ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కోస్తారు. తర్వాత నెలల్లో దొరికేవి చాలావరకు కోల్డ్ స్టోరేజీలో ఉంచినవి. ఈ జాతిలో తీపి ఎక్కువ, పులుపు తక్కువ. పచ్చిగా తినడానికే బాగుంటుంది, ఉడికిస్తే మెత్తబడిపోతుంది. మురబ్బాకు గట్టి కాయలు నయం.

యునానీలో సేబ్‌ను ముఫర్రెహ్ అంటారు, అంటే మనసుకు ఉల్లాసమిచ్చేది. గుండెకు బలమిచ్చే ఆహారాల్లోనూ చేర్చారు. పీచు కోసం బాగా కడిగి తొక్కతోనే తినండి, గింజలు తీసేయండి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. మురబ్బా అంటే చక్కెర పాకం. షుగర్ ఉన్నవారికి అది పండుతో సమానం కాదు. మురబ్బా తింటున్నాం కదా అని గుండె మాత్రలు మానేస్తే ప్రాణానికే ముప్పు. గుండె దడ, ఆయాసం, ఛాతీ నొప్పి ఉంటే ముందు ఆసుపత్రికి వెళ్లండి. పండు ఆహారం, మందుకు బదులు కాదు.