సీడీ పాట, ఫోన్ పాట: తేడా ఎక్కడుంది?

నస్పూర్ కాలనీ సింగరేణి క్వార్టర్లలో టీవీ స్టాండ్ కింది అరల్లో, అటకల మీద సీడీలు ఇంకా కనబడతాయి. శ్రీరాంపూర్ బొగ్గు బాయిల్లో పనిచేసి రిటైరైన పెద్దమనుషులను కదిపితే, "ఆ సౌండే వేరు బిడ్డా, ఫోన్ల పాటకు ఆ దమ్మేది?" అంటారు. వాళ్లు విన్న తేడా నిజమే. అయితే అది డిస్కు వల్ల వచ్చిందా అన్నది వేరే సంగతి. దాని కోసం సీడీ పుట్టుక దాకా వెళ్లాలి.

నెదర్లాండ్స్‌కు చెందిన ఫిలిప్స్, జపాన్‌కు చెందిన సోనీ 1979లో చేతులు కలిపాయి. మరుసటి ఏడాదికి 'రెడ్ బుక్' అనే ప్రమాణం తయారైంది. 1982 అక్టోబర్ 1న సోనీ సీడీపీ-101 ప్లేయర్ జపాన్ మార్కెట్లోకి వచ్చింది. పాటను సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్ల అంకెగా రాసుకోవడమే సీడీ చేసే పని. 44,100 అనే ఈ వింత అంకె వీడియో టేపు నుంచి వచ్చింది. అంత డేటాను దాచగల చవకైన డిస్కులు లేని రోజుల్లో, ధ్వని అంకెలను టీవీ బొమ్మ గీతల్లో పెట్టి వీడియో టేపు మీదకు ఎక్కించేవారు. మన దేశపు టీవీ పద్ధతిలో సెకనుకు 50 ఫీల్డులు. ఒక్కోదాంట్లో 294 గీతలు వాడి, గీతకు మూడు కొలతలు పెడితే సరిగ్గా 44,100. జపాన్, అమెరికాల్లో 60 ఫీల్డులు, 245 గీతలు, మళ్లీ మూడు కొలతలు. అక్కడా 44,100 వచ్చింది. రెండు లోకాలకూ కుదిరిన ఆ అంకె అలా నిలిచిపోయింది.

మనిషి చెవికి అందే గరిష్ఠ పౌనఃపున్యం దాదాపు 20,000 హెర్ట్జ్. దానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలిస్తే ఆ హద్దులోపలి అల మొత్తం తిరిగి వస్తుందని గణితం చెబుతుంది. సీడీలో ధ్వని మెట్లుమెట్లుగా ఉంటుందని చాలామంది అనుకుంటారు, కానీ స్పీకర్‌కు చేరేది నునుపైన అలే. రెండు చానళ్లకూ కలిపి సెకనుకు సుమారు 1,411 కిలోబిట్లు అవుతాయి. మిగతా లెక్కలన్నీ ఈ అంకెతో పోల్చి చూడాల్సిందే.

డిస్కును దగ్గరగా చూస్తే ఇంకా ఆశ్చర్యం కలుగుతుంది. 12 సెంటీమీటర్ల ఆ పళ్లెంలో, లోపలి అంచు నుంచి బయటికి చుట్టుకుంటూ పోయే ఒకే ఒక దారి, ఐదు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. వరుసకూ వరుసకూ ఎడం 1.6 మైక్రాన్లు. మన ఓపెన్‌కాస్టుల నుంచి లేచి కిటికీల మీద వాలే దుమ్ములో చాలా రేణువులు ఆ ఎడం కంటే పెద్దవి. అయినా పాట ఆగదు. ఎందుకంటే అంకెలను వరుసగా పక్కపక్కన రాయకుండా దూరదూరంగా చెదరగొట్టి, వాటికి సరిచూసుకునే అదనపు అంకెలు జోడిస్తారు. దారి వెంట రెండున్నర మిల్లీమీటర్ల మేర చెరిగిపోయినా ప్లేయర్ అసలు అంకెను పూర్తిగా తిరిగి రాబట్టగలదు. అందుకే మధ్య నుంచి అంచుకు పడ్డ గీత కంటే, గుండ్రంగా దారి వెంట పడ్డ గీత ప్రమాదం. తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచువైపే తుడవమనేదీ ఇందుకే. దుమ్ము పట్టిన సీడీ పాటను మసకబార్చదు. దిద్దుకోగలిగినంత వరకు అసలు పాటే వినిపిస్తుంది, అది దాటితే టక్కుమంటుంది లేదా ఎగిరి దూకుతుంది.

ఇప్పుడు మంచిర్యాల బజారుకు వద్దాం. 2000 తర్వాత అక్కడ మనం కొన్న డిస్కుల మీద 'వంద సూపర్ హిట్లు' అని ఉండేది. రెడ్ బుక్ ప్రకారమైతే ఒక డిస్కులో పట్టేది 74 నుంచి 80 నిమిషాల పాటే. వంద పాటలు పట్టాయంటే అవి ఎంపీ3లు. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో, ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ బృందం ఏళ్ల తరబడి మలిచిన పద్ధతి అది. 1995 జులైలో దానికి ఆ పేరు ఖాయమైంది. బాయిలో డ్రిల్లు నడుస్తుంటే పక్కవాడి మాట వినబడదు కదా, అలాగే పాటలో పెద్ద ధ్వని పక్కనున్న చిన్న ధ్వనిని చెవి పట్టించుకోదు. ఆ వినబడని భాగానికి బిట్లు ఖర్చు చేయడం మానేశారు. 128 కిలోబిట్ల దగ్గర అది సీడీలో పదకొండో వంతు. ఐదు నిమిషాల పాట 53 ఎంబీ నుంచి 5 ఎంబీ లోపుకు దిగింది. అంత కోసినప్పుడు తాళాల గలగల చెదురుతుంది, చప్పట్ల మోత ముద్దయిపోతుంది. జానపద పాటల వీడియో సీడీల్లో ధ్వని కూడా 224 కిలోబిట్లకు కుదించినదే.

అంటే పెద్దమనుషులు మెచ్చుకునే ఆ 'సీడీ సౌండ్' చాలాసార్లు ఇప్పటి ఫోన్ పాట కంటే తక్కువ సరుకు. దమ్ము వచ్చింది ఆంప్లిఫయర్ నుంచి, చెక్కపెట్టెల్లోని పెద్ద స్పీకర్ల నుంచి. ఫోన్‌లోని గోరంత స్పీకర్‌కు డప్పు అడుగు దెబ్బకు కావలసినంత గాలిని నెట్టే సత్తా లేదు. ఆ ఫోన్‌నే వైరుతో పాత డెక్కుకు తగిలించి చూడండి, సగం తగవు అక్కడే తీరుతుంది.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక పాట నెట్‌లోకి మారింది. స్పాటిఫై మన దేశానికి 2019 ఫిబ్రవరిలో వచ్చింది. 320 కిలోబిట్ల పాటకూ, అదే మాస్టర్ (పాట తుది రికార్డింగు) నుంచి వచ్చిన సీడీకీ తేడా కళ్లు మూసుకుని చెప్పడం చాలామందికి సాధ్యం కాదు. 2021 జూన్‌లో యాపిల్ మ్యూజిక్, 2025 సెప్టెంబరులో స్పాటిఫై ఏ బిట్టూ పోని (లాస్‌లెస్) పాటలు ఇవ్వడం మొదలుపెట్టాయి. అంటే నెట్ సీడీని అందుకుంది. అయితే బ్లూటూత్ స్పీకర్‌కు పంపితే దారిలో మళ్లీ కుదింపు చాలావరకు తప్పదు; మామూలు ఎస్‌బీసీ పద్ధతిలో దాదాపు 328 కిలోబిట్లే మిగులుతాయి. లాస్‌లెస్‌కు డబ్బు కట్టి బ్లూటూత్‌లో వినడం నా దృష్టిలో వృథా.

ఇంట్లో పోల్చి చూడాలంటే ముందు రెండింటి వాల్యూమ్ సమానం చేయాలి. ఒక్క డెసిబెల్ పెరిగినా చెవి దాన్నే 'మంచి సౌండ్' అంటుంది. చాలా యాప్‌లు పాటలన్నిటినీ ఒకే మట్టానికి తెస్తాయి, సీడీకి ఆ సవరింపు లేదు. చాలా పోలికలు ఇక్కడే తప్పుతాయి. ఏది మోగుతుందో వినేవాళ్లకు తెలియకూడదు కూడా.

ఇంతకంటే పెద్ద తేడా మాస్టర్‌లో ఉంటుంది. గాయకుడు ఘంటసాల 1974లో పోయారు, సీడీ వచ్చింది 1982లో. ఆయన పాట డిస్కులో ఉన్నా, యాప్‌లో ఉన్నా, ఎవరో ఒకరు పాత రికార్డింగు నుంచి అంకెల్లోకి మార్చినదే. బుసబుస తీసేస్తామని గొంతులోని గరుకును కూడా తీసేసిన మార్పిడికి ఎన్ని బిట్లు పోసినా లాభం లేదు.

చెవి సంగతీ చెప్పాలి. వయసుతో పై పౌనఃపున్యాలు ఎవరికైనా తగ్గుతాయి. మోతలో ఏళ్లు పనిచేసిన వాళ్లకు ముందుగా దెబ్బతినేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల; హల్లుల పదును చాలావరకు ఆ మేరలోనే ఉంటుంది. అలాంటివారికి మాట అస్పష్టంగా వినిపిస్తే లోపం ఫోన్‌ది కాకపోవచ్చు. ఒకసారి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించుకోవడం మేలు.

అరల్లోని డిస్కుల్లో ఆడియో కంపెనీ వేసిన అసలువి ఉంటే పారేయకండి. యాప్‌లో ఉన్నది వేరే మార్పిడి కావచ్చు, అసలు ఆ ఆల్బమే లేకపోవచ్చు. సీడీ డ్రైవు ఉన్న ఏ కంప్యూటర్‌లోనైనా వాటిని ఫ్లాక్ ఫైళ్లుగా ఎక్కించుకుంటే సుమారు సగం చోటులో బిట్టు పోకుండా ఉంటాయి. ఇంట్లో రాసుకున్న సీడీ-ఆర్‌లుంటే వాటితోనే మొదలుపెట్టండి; వాటి రంగుపూత ఎండకూ వేడికీ చెడిపోతుంది.