21 రోజుల పాఠం

కోడి పొదుగుతోందంటే అంగన్‌వాడీకి పోయే పిల్లలకి అదే మంచి పాఠం. ఎలాగో చూద్దాం.

గంపలో వరిగడ్డి వేసి గుడ్లు పెడతాం కదా! వాటిని మీ పాప చేత లెక్క పెట్టించండి. గోడ మీద రోజుకో గీత గీయించండి. 21 గీతలయ్యేసరికి కోడిపిల్లలు బయటికొస్తాయి. పాపకి లెక్కా వస్తుంది.

ఏడో రోజు రాత్రి, చీకట్లో గుడ్డుకి టార్చిలైటు ఆనించి చూపించండి. ఎర్రటి నరాలు కనిపిస్తే లోపల పిల్ల పెరుగుతున్నట్టే.

కోడి గుడ్లను ముక్కుతో తిప్పుతుంది. "ఎందుకమ్మా?" అని పాప అడుగుతుంది. కసురుకోకండి. తిప్పకపోతే లోపలి పిల్ల పెంకుకి అంటుకుపోతుందని చెప్పండి.

కోడిపిల్ల పెంకుని తానే పగలగొట్టుకుంటుంది. చాలా గంటలు పడుతుంది. పాప తొందరపడి పెంకు ఒలవబోతుంది. ఒలవనివ్వకండి. రక్తం కారి కోడిపిల్ల చచ్చిపోవచ్చు. ఆగి చూడటం కూడా చదువే.

కొన్ని గుడ్లు పిల్లలు కావు. ఆ సంగతీ దాచకండి.

కోడిపిల్లల్ని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించండి. అంగన్‌వాడీ టీచరుకి ముందే చెబితే మిగతా పిల్లల్నీ తీసుకొస్తుంది.

గోడ మీద గీతల పక్కన తేదీలు మాత్రం మీరే రాయండి. అమ్మ రాస్తుంటే చూసిన బిడ్డ, తనూ రాస్తానంటుంది.