ఆపితే... ఆధారం ఆవిరే!

నేరస్థుడి గదిలోకి పోలీసులు వెళ్లారు. బల్లమీద కంప్యూటర్ ఆన్‌లోనే ఉంది. ప్లగ్గు పీకేయాలా? అలాగే ఉంచాలా? ఆ అర నిమిషంలో తీసుకునే నిర్ణయం మీదే ఒక్కోసారి కేసు మొత్తం ఆధారపడుతుంది.

తిరువూరునే తీసుకోండి. ఎన్టీఆర్ జిల్లాలో తెలంగాణ సరిహద్దున, విజయవాడ నుంచి భద్రాచలం వెళ్లే దారిలో ఉన్న మామిడి తోటల ఊరు. అక్కడో నెట్ సెంటర్ ఉందనీ, అందులో కూర్చుని ఎవరో జనం ఖాతాల్లోంచి డబ్బు లాగేస్తున్నారనీ అనుకుందాం (ఉత్తుత్తి కథే సుమా!). ఐటీ చట్టం వచ్చిన కొత్తలో ఇలాంటి కేసును డీఎస్పీ స్థాయి అధికారే దర్యాప్తు చేయాలి. 2009లో అమల్లోకి వచ్చిన సవరణతో ఆ అధికారం ఇన్‌స్పెక్టర్‌కీ దక్కింది. అంటే, ఆ కంప్యూటర్ ముందు మొదట నిలబడేది హైదరాబాద్ నిపుణుడు కాదు, స్థానిక సీఐగారే కావచ్చు.

ఇంతకీ ఆన్‌లో ఉంటే ఏమిటట? వంటింటినే చూడండి. సరుకులన్నీ భద్రంగా ఉండే స్టోర్‌రూమ్ లాంటిది హార్డ్‌డిస్క్. తరిగిన కూరలూ, పొయ్యిమీది పులుసూ ఉన్న వంటగట్టు లాంటిది ర్యామ్. వంటయ్యాక గట్టు తుడిచేస్తే ఆ పూట ఏం వండారో స్టోర్‌రూమ్ చూసి చెప్పడం కష్టం. ర్యామ్ కూడా అంతే. ఏ ప్రోగ్రామ్‌లు నడుస్తున్నాయి, ఏ ఊళ్లో ఏ కంప్యూటర్‌తో మాట్లాడుతోంది, ఎవరు లాగిన్ అయ్యారు, అప్పుడే టైపు చేసిన పాస్‌వర్డ్ ఏమిటి... ఇవన్నీ అందులోనే ఉంటాయి. కరెంటు పోతే అన్నీ హుష్‌కాకి!

ఒకప్పుడు పోలీసులకు నేర్పిన పాఠం వేరు. ‘వెనక వైరు పీకేయ్, సీలు వేసి ల్యాబ్‌కి పంపు’. అప్పటికది సరైనదే. మామూలుగా షట్‌డౌన్ చేస్తే కంప్యూటర్ తనంతట తానే కొన్ని ఫైళ్లు మార్చేస్తుంది, చెరిపేస్తుంది. అసలు చిక్కు డిస్క్ మొత్తానికి తాళం వేసే ఎన్‌క్రిప్షన్‌తో వచ్చింది. ఆ తాళంచెవి ఉండేది ర్యామ్‌లోనే. వైరు పీకామా... బీరువా మన చేతికొస్తుంది, తాళంచెవి గాల్లో కలిసిపోతుంది.

మరీ అంత వేగంగా కలిసిపోదని 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించి అందర్నీ ఆశ్చర్యపరిచారు. దుమ్ము దులిపే స్ప్రే డబ్బాను తలకిందులు చేసి ర్యామ్ చిప్పుల మీద కొడితే అవి గడ్డకట్టేంత చల్లబడ్డాయి. కరెంటు తీసేసినా వాటిలోని సమాచారం కొన్ని నిమిషాలు అలాగే ఉంది! కానీ అది ప్రయోగశాల ముచ్చట. ఠాణాలో అంత తీరిక ఎక్కడ?

లైబ్రరీలో కీచులాట

ఆన్‌లో ఉండగానే పట్టుకోవడం ఎంత విలువైనదో చెప్పాలంటే 2013 అక్టోబరు 1నాటి శాన్‌ఫ్రాన్సిస్కో కథే చెప్పాలి. మాదకద్రవ్యాలు అమ్మే ‘సిల్క్ రోడ్’ అనే రహస్య వెబ్‌సైట్‌ను నడుపుతున్న రాస్ ఉల్‌బ్రిక్ట్ గ్లెన్‌పార్క్ గ్రంథాలయంలో ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాడు. మూత మూస్తే చాలు, అంతా తాళం పడిపోతుంది. అందుకే ఎఫ్‌బీఐ వాళ్లు ఒక నాటకమాడారు. అతని వెనకే ఓ ఆడా మగా గట్టిగా పోట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఏమిటా గోల అని అతను తల తిప్పాడు. ఆ క్షణంలోనే ల్యాప్‌టాప్‌ని లాగేశారు! సైట్ యజమానిగా లాగిన్ అయి ఉన్న తెర, చాటింగులు, డైరీ, సుమారు 1,44,000 బిట్‌కాయిన్లు... అన్నీ దొరికాయి. 2015లో జీవిత ఖైదు పడింది. 2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ క్షమాభిక్ష పెట్టారు. అది వేరే కథ.

మన దగ్గరికొస్తే, 2009 జనవరి 7న రామలింగరాజు లేఖతో బయటపడిన సత్యం కుంభకోణం గుర్తుందిగా? కంపెనీ బిల్లుల సాఫ్ట్‌వేర్‌లో 7,561 నకిలీ ఇన్వాయిస్‌లను మామూలు ఉద్యోగుల కంట పడకుండా దాచారని సీబీఐ తేల్చింది. ‘సూపర్ యూజర్’గా లోపలికి వెళ్తేనే అవి కనిపించేవి. తెరమీద కనిపించేదాన్నే నమ్మితే ఎంత ప్రమాదమో చూడండి. పైగా అలాంటి పెద్ద కంపెనీల సర్వర్లను మూటగట్టి తెచ్చేయలేం. ఆపితే వేలమంది పని ఆగుతుంది. నడుస్తుండగానే నకలు తీసుకోవాలి.

ముట్టుకుంటే ముద్ర

కానీ ఇందులో ఓ పేచీ ఉంది. ర్యామ్ నకలు తీయాలంటే పెన్‌డ్రైవ్ పెట్టి ఓ చిన్న ప్రోగ్రామ్ నడపాలి. అదీ ర్యామ్‌లోనే కాస్త చోటు ఆక్రమిస్తుంది. అంటే ఆధారాన్ని తీసేవాడే దాన్ని కొంచెం మారుస్తాడు! ‘మీరే ఏదో పెట్టారు’ అని నిందితుడి లాయరు అడిగితే? హార్డ్‌డిస్క్ అయితే మళ్లీ నకలు తీసి చూపించొచ్చు. ర్యామ్‌కి రెండో అవకాశం లేదు. నకలు తీశాక వేసే ‘హ్యాష్’ అనే అంకెల ముద్ర, ఆ తర్వాత ఎవరూ మార్చలేదని చెబుతుందే తప్ప అంతకుముందు ఏం జరిగిందో చెప్పదు. అందుకే తెరకు ముందు ఫొటో తీయాలి, ఏ మీట ఎన్ని గంటలకు నొక్కారో రాయాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టాల ప్రకారం సోదా, స్వాధీనం మొత్తాన్ని వీడియో తీయాల్సిందే. ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఇచ్చే ధ్రువపత్రంలో ‘హ్యాష్’ కూడా రాయాలి. ఆ పత్రంలో ఒక భాగం నిపుణుడిది, మరో భాగం ఆ కంప్యూటర్ బాధ్యత చూసేవారిది.

నిందితులకే కాదు, బాధితులకూ ఇది వర్తిస్తుంది. మీ కంప్యూటర్‌లోకి ఎవరో చొరబడ్డారని అనుమానం వస్తే చాలామంది చేసే మొదటి పని... ఆపేసి, ఫార్మాట్ కొట్టించడం. దాంతో దొంగ అడుగుజాడలు మనమే తుడిచేసినట్టవుతుంది. నెట్ వైరు పీకండి, వైఫై ఆపండి, తెరను ఫోనుతో ఫొటో తీయండి, డబ్బు పోయుంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. కంప్యూటర్‌ని మాత్రం అలాగే ఉంచండి.

అన్నట్టు, మొదటి ఫొటోలో కంప్యూటర్ గడియారమూ, పక్కనే చేతి వాచీ రెండూ పడేట్టు చూసుకోవాలి. కంప్యూటర్ టైము ఏడు నిమిషాలు ముందుందనుకోండి... డబ్బు పోయిన వేళకి ఆ కుర్చీలో ఉన్నది ఆయనా, ఆయన తర్వాత వచ్చిన కుర్రాడా అన్నది ఆ ఏడు నిమిషాల దగ్గరే తేలాలి.