ఇరుసుకు ఓర్పెంత?

సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు రైలెక్కితే పెట్టె బరువంతా మోసేవి కింద తిరిగే ఇరుసులు. లోహం ఎలా అలసిపోతుందో వాటినే అడుగుదాం.

◆ కొత్త పెట్టె చక్రం వ్యాసం 915 మిల్లీమీటర్లు. కిలోమీటరుకు దాదాపు 348 చుట్లు తిరుగుతుంది. సికింద్రాబాద్–కాజీపేట దూరం సుమారు 132 కిలోమీటర్లు కాబట్టి ఒక్క ప్రయాణానికే 46 వేల చుట్లు!

◆ ప్రతి చుట్టులోనూ ఇరుసు వంపు తిరగబడుతుంది. ఉపరితలం మీది ఒక చుక్క పైకొచ్చినప్పుడు సాగుతుంది, కిందికెళ్లినప్పుడు నొక్కుకుంటుంది. ఒక్కసారికి ఏమాత్రం లెక్కలేని బరువే లక్షలసార్లు పడితే సన్నని పగులు పుట్టి, మెల్లగా లోపలికి పాకుతుంది. ఇదే లోహపు అలసట, ఇంజినీర్ల మాటలో ఫెటీగ్.

◆ 1842 మే 8న ఫ్రాన్స్‌లో వెర్సాయి నుంచి పారిస్ వెళ్తున్న రైలింజను ఇరుసు విరిగి, యాభైమందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది స్కాట్లండ్ ఇంజినీరు రాంకిన్, ఇరుసు మందం హఠాత్తుగా మారే మూలల దగ్గరే పగుళ్లు మొదలై పెరుగుతాయని వివరించాడు. ఆ మూలలను గుండ్రంగా మలచమన్నాడు.

◆ జర్మనీ రైల్వే ఇంజినీరు ఆగస్ట్ వోలర్ ఏళ్ల తరబడి ఇరుసులను పరీక్షించి, 1870 నాటికి ఒక హద్దు పట్టుకున్నాడు. ఒత్తిడి దానికి లోబడి ఉంటే ఉక్కు ఎన్ని చుట్లయినా తట్టుకుంటుందని తేల్చాడు. అదే ఎండ్యూరెన్స్ లిమిట్.

◆ ఆ హద్దు సాధారణంగా పది లక్షల నుంచి కోటి చుట్ల మధ్య బయటపడుతుంది. రోజూ సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు వెళ్లివచ్చే పెట్టె నాలుగు నెలలలోపే కోటి చుట్లు దాటేస్తుంది.

◆ నునుపైన ఉక్కు నమూనాకు ఈ హద్దు దాని తన్యబలంలో, అంటే సాగదీసినప్పుడు తెగకుండా తట్టుకునే గరిష్ఠ ఒత్తిడిలో, దాదాపు సగం. 600 మెగాపాస్కళ్ల ఉక్కుకు సుమారు 300. గరుకుతనం, గీతలు ఉంటే అది పడిపోతుంది. తుప్పు పట్టే చోట హద్దన్నదే మిగలదు.

◆ అల్యూమినియానికి మామూలుగా ఇలాంటి స్పష్టమైన హద్దు లేదు. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా విమాన సంస్థ బోయింగ్ 737 అల్యూమినియం పైకప్పులో పెద్ద భాగం గాలిలోనే ఊడిపోయింది. దానికప్పటికే 89 వేలకు పైగా ప్రయాణాలయ్యాయి. అందుకే విమానం వయసును ఏళ్లతో పాటు ప్రయాణాల సంఖ్యలోనూ లెక్కిస్తారు.

◆ ఇరుసులా కాకుండా, 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి రాతిస్తంభాల మీద బరువు ప్రధానంగా మారకుండా, పైనుంచి నొక్కుతూ ఉంటుంది. మారని బరువుకు ఫెటీగ్ ఉండదు.

◆ 1959 అక్టోబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన వరంగల్ ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలే నేటి నిట్. దేశంలో ఆ కోవలో మొదటిది. ఎంత ఒత్తిడికి లోహం ఎన్ని చుట్లు తట్టుకుంటుందో చూపే, వోలర్ పేరుతో పిలిచే గీతపటం అలాంటి కళాశాలల మెకానికల్, మెటలర్జీ విద్యార్థులకు ఫెటీగ్ పాఠాల్లో ఇప్పటికీ తొలి మెట్టు.

◆ ఉక్కు గుళికలతో ఉపరితలాన్ని కొడితే పైపొర నొక్కుకుపోయి, పగులు పుట్టడం కష్టమవుతుంది. దీన్ని షాట్ పీనింగ్ అంటారు. పుట్టిన పగులును వర్క్‌షాపులో అల్ట్రాసోనిక్ పరీక్ష పట్టిస్తుంది. ఎంత మంచి ఉక్కయినా ఒక్క గీతతో బలహీనపడుతుంది కాబట్టి, ఆ పరీక్షలకు పట్టే సమయాన్ని ఆలస్యమనకూడదు. ప్రయాణికుల ప్రాణాలకు అదే భరోసా.