జబ్బు గేర్‌బాక్సుదా... పక్కదా?

అంబాసిడర్‌కు గేర్‌బాక్సు పోయింది. కొత్తది దొరకదు. తెలిసినవాళ్లందరినీ అడిగి, నాలుగు ఊళ్లు వాకబు చేసి, ఎలాగో పాతదొకటి తెచ్చి బిగించారు. తాళం తిప్పితే ఇంజిన్ హాయిగా పలికింది. గేరు వేస్తే మాత్రం... గర్‌ర్‌ర్! ఇప్పుడు తప్పెవరిది? అమ్మినవాడిదా, బిగించినవాడిదా, గేర్‌బాక్సుదా? చేయి తిరిగిన మెకానిక్ ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పడు. ముందు చెవి పెడతాడు. ఆ తర్వాతే స్పానరు పడతాడు.

ఒకప్పుడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ రోడ్ల మీద కారంటే అంబాసిడరే. పెళ్లివారికైనా, పట్నం ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన రోగికైనా, ఎన్నికల్లో తిరిగే నాయకుడికైనా అదే దిక్కు. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో మొదలుపెట్టిన ఈ బండి తయారీ, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014 మే నెలలో ఆగిపోయింది. 2017లో ఫ్రాన్స్ కంపెనీ ప్యూజో అంబాసిడర్ పేరును 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. పేరైతే చేతులు మారింది కానీ కొత్త అంబాసిడర్ మాత్రం రోడ్డెక్కలేదు.

అంటే ఇవాళ మార్కెట్లో కనిపించే అంబాసిడర్ గేర్‌బాక్సుల్లో దాదాపు అన్నీ ఏదో ఒక తుక్కు కారు నుంచి విప్పినవే. తెలిసీ తెలియక ఒకదాన్ని పాడుచేస్తే, రోడ్డు మీద మిగిలిన పాత కార్లలో ఒకదానికి ఆసరా తగ్గినట్టే. అందుకే ఈ పనిలో కంగారు పనికిరాదు.

తుంగతుర్తి లాంటి చోట ఆ జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ కావాలి. అక్కడి నుంచి సూర్యాపేట చేరితే హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి తగులుతుంది. పడమటికి వెళ్తే హైదరాబాద్. తూర్పుకు తిరిగితే కోదాడ మీదుగా విజయవాడ ఆటోనగర్. పాత బండ్ల సామాన్ల కోసం వెతికేవాళ్లు పట్టే దార్లు ఈ రెండే. అంత బరువైన సామాను మోసుకొచ్చి, బిగించి, పనిచేయక విప్పి, మళ్లీ వెనక్కి తీసుకెళ్లాలంటే... చార్జీలు రెండింతలు, కూలీ రెండింతలు. అందుకే పరీక్ష మొదలవ్వాల్సింది షెడ్డులో కాదు, కొనేచోటే!

కొనేముందు నాలుగు పరీక్షలు

'అంబాసిడర్ గేర్‌బాక్సు' అంటే ఒకటే రకం కాదు. 1489 సీసీ పాత పెట్రోలు ఇంజిన్ కార్లలో నాలుగు గేర్లుంటాయి. గేరు కడ్డీ స్టీరింగ్ పక్కన ఉంటుంది. 1990ల్లో వచ్చిన 1800 సీసీ ఇసుజు ఇంజిన్ కార్లలో ఐదు గేర్లు. కడ్డీ కింద, రెండు సీట్ల మధ్య ఉంటుంది. ఒకదాని డబ్బా మరోదానికి నేరుగా కూర్చోదు. కాబట్టి మొదటి పరీక్ష పోలిక. విప్పిన పాత గేర్‌బాక్సును వెంట తీసుకెళ్లి పక్కన పెట్టి చూడటం అన్నిటికన్నా ఉత్తమం. కుదరకపోతే కొలతలు, ఫోటోలు వెంట ఉండాలి. ఇంజిన్‌కు బిగించే బోల్టుల రంధ్రాలు, ముందు షాఫ్టు పొడవు, దాని మీది గాళ్ల సంఖ్య, వెనక ప్రొపెల్లర్ షాఫ్టు కూర్చునే చోటు... ఇవన్నీ కలవాలి.

రెండో పరీక్ష ఆయిలు. అడుగు బోల్టు విప్పి కొంచెం ఆయిలు తెల్ల గుడ్డ మీద పోస్తే గేర్‌బాక్సు జాతకం తెలిసిపోతుంది. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి, బేరింగులు తుప్పు పట్టి ఉండొచ్చు. బూడిద రంగు మెత్తటి గుజ్జు కాస్త ఉంటే వయసు తెచ్చిన అరుగుదల, భయం లేదు. పసుపుపచ్చ రేణువులు మెరుస్తుంటే గేర్లను కలిపే ఇత్తడి రింగులు అరుగుతున్నాయి. గోటికి తగిలే ఇనుప ముక్కలు కనిపిస్తే పళ్లో, బేరింగో విరిగినట్టే. ఆయిలే లేదంటారా? అప్పుడు ఇంకా అనుమానించాలి. ఆధారం ముందే కడిగేసి ఉండొచ్చు!

మూడోది చేతి పరీక్ష. న్యూట్రల్‌లో పెట్టి ముందు షాఫ్టును చేత్తో తిప్పాలి. ఇసుక నలిగినట్టు గరగర తగలకూడదు. తర్వాత ఒక్కో గేరు వేసి తిప్పాలి. నాలుగో గేరులో ముందు షాఫ్టు ఒక చుట్టు తిరిగితే వెనకదీ సరిగ్గా ఒక చుట్టే తిరగాలి. మొదటి గేరులో వెనక షాఫ్టు ఒక్కసారి తిరగడానికి ముందుది మూడు చుట్లకు పైగా తిరుగుతుంది. ఏ గేరులోనైనా మధ్యలో ఒకచోట పట్టేస్తే అక్కడో పన్ను దెబ్బతిందని అర్థం.

నాలుగోది కంటి పరీక్ష. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే మూత విప్పి, టార్చి వేసి పళ్లు చూడాలి. అంచులు గుండ్రంగా అరిగినా, ముఖం మీద సన్నటి గుంటలు పడినా ధర మాట్లాడటం కాదు, దండం పెట్టి వచ్చేయడమే మంచిది.

బిగించేటప్పుడు చేసే తప్పులు

మంచి గేర్‌బాక్సును కూడా చెడ్డదని పేరు పెట్టేది చాలాసార్లు బిగింపే. క్లచ్ ప్లేటు సరిగ్గా మధ్యకు రాకుండా బిగిస్తే షాఫ్టు లోపలికి దూరదు. అప్పుడు బలం వాడతారు. బరువంతా క్లచ్ ప్లేటు మీద వేలాడుతుంది, ప్లేటు వంగుతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు పెడలు తొక్కినా క్లచ్ పూర్తిగా విడవదు. నింద మాత్రం గేర్‌బాక్సు మీద! దీనికి పైసా ఖర్చులేని ఉపాయం ఉంది. విప్పేసిన పాత గేర్‌బాక్సు ముందు షాఫ్టునే క్లచ్ ప్లేటులోకి దూర్చి, ప్లేటును మధ్యకు తెచ్చి, అప్పుడు బోల్టులు బిగించాలి.

అందరూ మరిచిపోయేది మరొకటుంది. ఇంజిన్ క్రాంక్ షాఫ్టు చివర, గేర్‌బాక్సు ముందు షాఫ్టు మొన ఆనే చిన్న బుష్. అది బిగుసుకుంటే క్లచ్ తొక్కినా షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది. గేరు పడదు. గేర్‌బాక్సు దించిన రోజే దాన్ని చూసుకుంటే ఐదు నిమిషాల పని. బిగించాక గుర్తొస్తే ఒక రోజు పని.

ఆయిలు విషయంలోనూ 'గేర్ ఆయిల్ ఏదైనా ఒకటే' అనుకోకూడదు. డిఫరెన్షియల్ కోసం చేసే జీఎల్-5 ఆయిళ్లు కొన్ని ఇత్తడి రింగులకు పడవు. డబ్బా మీద గ్రేడు అంకె ఒకటే ఉన్నా లోపలి మందు వేరు. మాన్యువల్‌లో చెప్పిన రకమే పోయాలి, చెప్పిన మట్టం వరకే పోయాలి. ఎక్కువైతే సీలు దాటి క్లచ్ మీద పడుతుంది.

ఇక కారు కింద దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మకూడదు. గట్టి స్టాండ్లు పెట్టాకే లోపలికి వెళ్లాలి.

చెవి చెప్పే జాతకం

బిగించాక మోత వస్తోందా? విప్పకముందే మోత ఎప్పుడొస్తోందో, ఎప్పుడు ఆగుతోందో పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

కారు నిలిపి, ఇంజిన్ నడుస్తుండగా న్యూట్రల్‌లో ఉంచి వినాలి. మోత వస్తూ, క్లచ్ తొక్కగానే ఆగిపోతే లోపల ముందు షాఫ్టు బేరింగో, కింది షాఫ్టు బేరింగో అరిగింది. క్లచ్ తొక్కితే ఆ రెండు షాఫ్టులూ ఆగుతాయి కాబట్టి మోతా ఆగుతుంది. అలాకాక, తొక్కినప్పుడే మోత వస్తుంటే అది క్లచ్ రిలీజ్ బేరింగ్. గేర్‌బాక్సు లోపల వెతికి లాభం లేదు.

రోడ్డు మీద ఒకటి, రెండు, మూడు గేర్లలో ఈల వేసినట్టు మోగి, నాలుగులో నెమ్మదిస్తే కింది షాఫ్టును అనుమానించాలి. నాలుగో గేరులో ఇంజిన్ బలం దాని మీదుగా కాకుండా నేరుగా వెనక్కి పోతుంది మరి! అన్ని గేర్లలోనూ మోగుతుంటే ఖాళీ రోడ్డు మీద కాస్త వేగం అందుకుని న్యూట్రల్‌లోకి తెచ్చి వినాలి. ఇంజిన్ వేగం తగ్గినా మోత అలాగే ఉంటే ప్రొపెల్లర్ షాఫ్టునూ, వెనక డిఫరెన్షియల్‌నూ, చక్రాల బేరింగులనూ చూసుకున్నాకే గేర్‌బాక్సు జోలికి పోవాలి.

రివర్సులో కొంత మోత సహజం. ఆ పళ్లు నిటారుగా కోసినవి. పాత నాలుగు గేర్ల డబ్బాలో మొదటి గేరుకు కలిపే రింగు ఉండదు. కారు కదులుతుండగా ఫస్ట్ వేస్తే గర్రుమనడం జబ్బు కాదు, దాని స్వభావం! కొత్త కార్లకు అలవాటుపడిన కుర్రాళ్లు నడిపితే ఇదే పెద్ద ఫిర్యాదవుతుంది.

గేరు పడకపోతే... జారిపోతే...

ఇంజిన్ ఆపితే గేర్లన్నీ వెన్నలా పడుతున్నాయా? నడుస్తుంటే మొరాయిస్తున్నాయా? తప్పు దాదాపుగా క్లచ్‌దే. రూఢి చేసుకోవాలంటే క్లచ్ పూర్తిగా తొక్కి, కొన్ని సెకన్లు ఆగి, రివర్సు వేయాలి. అప్పటికీ గర్రుమంటే క్లచ్ విడవడం లేదు. ఇంజిన్ ఆపినా గేరు పడకపోతే అప్పుడు కడ్డీల వైపు చూడాలి.

స్టీరింగ్ పక్కన గేరు ఉన్న కార్లలో మీటకూ డబ్బాకూ మధ్య పొడవాటి కడ్డీలు, కీళ్లు, బుష్‌లు ఉంటాయి. ఏళ్ల తరబడి అరిగిన ఆ కీళ్లను అలాగే ఉంచి గేర్‌బాక్సు ఒక్కటే మారిస్తే గేరు సగమే పడుతుంది. పళ్లు పూర్తిగా కలవవు. దిగుడులో యాక్సిలరేటర్ వదలగానే గేరు న్యూట్రల్‌లోకి జారిపోతుంది. పరీక్ష తేలిక. కింద దూరి, కడ్డీలు విప్పి, డబ్బా మీది మీటను చేత్తోనే కదిలించాలి. గేర్లు టక్కున పడితే రోగం కడ్డీల్లోనే ఉంది. నిడివి సరిచేసి, బుష్‌లు మారిస్తే చాలు. అప్పటికీ జారుతుంటే ఇంజిన్, గేర్‌బాక్సు మౌంటింగులు, హౌసింగ్ బోల్టులు చూడాలి. అవీ బాగుంటే అప్పుడు డబ్బా లోపలి స్ప్రింగు, గోళీ, ఫోర్కుల వంతు.

అన్నీ బాగున్నా స్పీడోమీటర్ తప్పు చూపిస్తోందా? కంగారు వద్దు. దాన్ని తిప్పే చిన్న పళ్లచక్రం వేరే రకం కారుదై ఉంటుంది. పాత డబ్బాలోది తీసి సరిపోతుందేమో చూసుకోవచ్చు.

పాతదాన్ని పారేయొద్దు

విప్పక తప్పని పరిస్థితీ వస్తుంది. అప్పుడు ఆదుకునేది మూలన పడేసిన మొదటి గేర్‌బాక్సే. ఒకదాంట్లో పళ్లు బాగుంటే మరోదాంట్లో షాఫ్టు బాగుండొచ్చు. రెండూ కలిపి ఒకటి చేయొచ్చు. అయితే ఒకదానితో ఒకటి కలిసి అరిగిన పళ్లచక్రాలను జతగానే మార్చాలి. బేరింగుల కోసం అంబాసిడర్ విడిభాగాల దుకాణమే దొరకాలని లేదు. చాలా బేరింగుల అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది. ఆ నంబరు చెబితే బేరింగులమ్మే దుకాణంలో వెతికిస్తారు. బావి మోటారుకూ, రైస్‌మిల్లుకూ సామాను అమ్మే ఊళ్లలో ఇది పెద్ద ఊరట.

సరైన గేర్‌బాక్సు కోసం ఇంత తాపత్రయం దేనికి, ఏదో ఒకటి అతికిస్తే పోదా అంటారా? 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న వాహనాలకు 'వీఏ' అక్షరాలతో వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. కొత్తగా చేయించుకోవడానికి రుసుము 20 వేల రూపాయలు, గడువు పదేళ్లు. ఆ నంబరుతో రోజువారీ పనులకు తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, మరమ్మతు లాంటి అవసరాలకే బయటికి తీయాలి. 1970ల తొలినాళ్ల అంబాసిడర్లు ఇప్పుడు ఆ వయసుకు చేరాయి. కోసి అతికించిన బండి కన్నా పుట్టినట్టే ఉన్న బండికే విలువ.

కంప్యూటర్ తగిలిస్తే జబ్బు పేరు తెర మీద చూపించే కార్ల కాలమిది. అంబాసిడర్‌కు తెర లేదు. అది చెప్పేదంతా మోతతోనే, కుదుపుతోనే. ఆ భాష తెలిసిన మెకానిక్‌లు తలలు నెరిసి షెడ్లు మూసేయకముందే పక్కన నిలబడి నేర్చుకునే కుర్రాడొకడు కావాలి. గేర్‌బాక్సు అయితే విజయవాడలోనో, హైదరాబాద్‌లోనో వెతికితే దొరుకుతుంది. ఆ చెవి మాత్రం ఏ తుక్కు దుకాణంలోనూ దొరకదు!