గాలిలో నీటి లెక్క

వంటింట్లో 14.2 కిలోల గ్యాస్ బండ ఖాళీ అయ్యేసరికి ఇంటి గాలిలోకి దాదాపు 22 లీటర్ల నీరు చేరుతుంది. కూరల ఆవిరి దీనికి అదనం. గ్యాస్ మండేటప్పుడు అందులోని హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరవుతుంది. ఇంటర్ పిల్లలకు ఏళ్ల తరబడి కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ముసురు పట్టిందంటే చాలు మా నాలుగేళ్ల మనవరాలికి పిల్లికూతలు మొదలవుతుంటే, ఈ లెక్కను బోర్డు మీంచి దించి మా కాకినాడ ఇంట్లో వేశాను.

30 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటిని ఆవిరిగా మోయగలదు. అందులో 24 గ్రాములుంటే తేమ 80 శాతం అంటాం. అదే గాలి 24 డిగ్రీలకు చల్లబడితే 22 గ్రాములకు మించి ఇమడదు. మిగిలింది చల్లటి గోడమీద చెమరుస్తుంది. అందుకే గాలాడని బీరువా వెనకా, బాత్‌రూమ్ గోడకు ఆనించిన మంచం తలవైపూ ముందుగా బూజు పడుతుంది.

పరుపుల్లో, దిండ్లలో ఉండే దుమ్ము పురుగులకూ ఈ తేమే ప్రాణం. మిల్లీమీటరులో మూడోవంతు కూడా ఉండవు. మన ఒంటినుంచి రాలే చర్మపు పొట్టు తింటాయి, నీళ్లు మాత్రం గాలిలోంచే పీల్చుకుంటాయి. తేమ చాలాకాలం 50 శాతం లోపే ఉంటే ఎండి చస్తాయి. ఉబ్బసాన్ని రేపేది ముఖ్యంగా వాటి విసర్జన. పసివాళ్ల శ్వాసనాళాలు సన్నవి. కాస్త వాచినా దారి మూసుకుపోతుంది. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో శ్వాస సమస్యలూ ఉబ్బసమూ ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాల్లో చెప్పింది.

ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 2020 డిసెంబరులో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు చనిపోయాడు. బూజు పట్టిన ఫ్లాట్‌లో చాలాకాలం ఉండటమే కారణమని 2022లో విచారణలో తేలింది. తండ్రి ఫిర్యాదు చేస్తే, బూజు మీద రంగు వేసుకోమన్నారట. ఇప్పుడు అక్కడ ఆ బాబు పేరుతోనే చట్టం వచ్చింది. మన దగ్గరా అద్దెవాళ్లకు దొరికే జవాబు ఇదే: “ఒక కోటింగ్ వేయించుకోండి.” నీరు వచ్చే దారి మూయకుండా ఎన్ని కోటింగులు వేస్తే ఏం లాభం?

కొన్ని వందల రూపాయలకు దొరికే తేమ మీటరు కొని పిల్ల పడకగదిలో పెట్టాం. వానాకాలంలో మా ఊళ్లో బయటి గాలే 80 దాటుతుంది. దాన్ని నేనేం చేయలేను. మనం కలిపే నీటిని మాత్రం తగ్గించగలం. గదిలో తాడు కట్టి తడిబట్టలు ఆరేస్తే అంకె ఎక్కడం కళ్లారా చూశాం. ఒక మోపు బట్టలు లీటరు పైనే నీరు వదులుతాయి. తాడు వసారాలోకి మారింది. స్టవ్ వెలిగిందంటే ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరగాల్సిందే. మేస్త్రి వచ్చి డాబా మీద ట్యాంకు పైపు దగ్గరి పగులు పూడ్చాడు. దుప్పట్లు, గలేబులు 55 డిగ్రీలు దాటిన వేడినీళ్లలో ఉతుకుతున్నాం. తెరిపి ఇస్తే దిండ్లు ఎండకెక్కుతాయి. మరీ ఉక్కబోతగా ఉన్న రాత్రి ఏసీ ‘డ్రై’ మోడ్‌లో నడుస్తుంది.

పేచీ వచ్చింది సాంబ్రాణి దగ్గరే.

“తలంటు పోశాక సాంబ్రాణి వెయ్యకపోతే జలుబు చెయ్యదూ, వదినగారూ?” అంది మా వియ్యపురాలు.

“పొడితువ్వాలుతో గట్టిగా తుడిస్తే చాలు వదినగారూ. ఉబ్బసం పిల్లకు ఏ పొగా పడదు” అన్నాను. దోమల చుట్టకూ అగరొత్తికీ అదే మాట.

అతిగా పొడిగాలీ మంచిది కాదు. 30 శాతం కంటే తగ్గితే ముక్కూ గొంతూ ఎండుతాయి. చలిదేశాల్లో ఉన్న మనవాళ్లు శీతాకాలంలో హ్యూమిడిఫయర్ పెట్టుకునేది అందుకే. అందులో రోజూ మార్చిన శుభ్రమైన నీళ్లు తప్ప మరేమీ కలపొద్దు. దక్షిణ కొరియాలో ఆ నీళ్లలో కలిపే క్రిమిసంహారక ద్రావణాలు పీల్చి ఎందరో చనిపోయారని 2011లో బయటపడింది. వారిలో పసిపిల్లలూ గర్భిణులూ ఉన్నారు.

మీటరు ఇంటి సంగతే చెబుతుంది. పిల్ల సంగతి పిల్లనే చూసి తెలుసుకోవాలి. డాక్టరు రాసిన ఇన్‌హేలర్ మేం మానలేదు, మానకూడదు కూడా. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు పొట్టమీద చొక్కా ఎత్తి నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు వాళ్లకు 40 వచ్చినా, దాటినా ఆసుపత్రికి వెళ్లాలి. డొక్కలు ఎగరేస్తుంటే, పెదాలు నీలిరంగుకు తిరుగుతుంటే లెక్కపెడుతూ కూర్చోవద్దు. వెంటనే బయల్దేరండి.